తిన్నింటి వాసాలు: కృష్ణా డెల్టా కట్టడాలు, ఉపచేతన స్పందన, నైతిక బాధ్యత

వ్యాససంగ్రహం

కట్టడం మనిషికి మాటలతో ఏమీ చెప్పదు. అయినా ఎక్కడ ఆగాలో, ఎక్కడ వంగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో దాని ఎదుట నిలిచిన శరీరానికి తెలిసిపోతుంది. ఈ తెలివిడి చాలావరకు ఎరుకకు రాకుండానే పనిచేస్తుంది. అలా పనిచేసే ప్రభావానికి నైతిక బాధ్యత ఎవరిది అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. విజయవాడ, కృష్ణా డెల్టా ప్రాంతపు ఇళ్ళు, గుళ్ళు, గుహాలయాలు, సినిమా హాళ్ళు, కార్యాలయాలు ఇందుకు ఆధారాలు. తెలుగు పలుకుబడి, ఆధునిక సాహిత్యం ఈ ఆధారాలకు తోడు సాక్ష్యం.

కీలకపదాలు: అరుగు, గడప, ఉపచేతన, సంస్కారం, ప్రవేశం, నైతిక బాధ్యత.

1. ప్రస్తావన

చిత్రాన్ని చూడాలంటే దాని ముందు నిలబడాలి. కవిత్వాన్ని ఆస్వాదించాలంటే చదవాలి, వినాలి. కట్టడానికి ఈ శ్రద్ధ అక్కరలేదు. జనం కట్టడాల్లో పుడతారు, తింటారు, నిద్రపోతారు, తగవు పడతారు. వాటిని పరికించి చూడటం మాత్రం అరుదు. జర్మన్ విమర్శకుడు వాల్టర్ బెంజమిన్ 1930లలో కళను గురించి రాసిన సుప్రసిద్ధ వ్యాసంలో ఈ సంగతిని గుర్తించాడు. కట్టడాన్ని మనిషి ఏకాగ్రతతో గాక పరధ్యానంలో, చూపుతో కన్నా వాడుకతో, అలవాటుతో గ్రహిస్తాడని ఆయన ప్రతిపాదన.

భారతీయ దర్శనాల్లో ఇటువంటి గ్రహణానికి దగ్గరి మాట సంస్కారం. అనుభవం గడిచిపోయాక చిత్తంలో మిగిలే ముద్ర అది. తరువాతి నడవడిని మనిషికి తెలియకుండానే అది నడిపిస్తుంది. ఒకే మెట్టు దగ్గర వేలసార్లు ఆగిన పాదం ఆ మెట్టు లేనిచోట కూడా ఆగడం నేర్చుకొంటుంది. ఆగమని ఎవరూ చెప్పరు. ఎందుకు ఆగిందని పాదమూ అడగదు.

నైతిక ప్రశ్న ఇక్కడే పుడుతుంది. మాటల్లో వచ్చిన ఆజ్ఞను కాదనవచ్చు, ప్రశ్నించవచ్చు, న్యాయస్థానంలో సవాలు చేయవచ్చు. గోడగా, మెట్టుగా, కిటికీగా వచ్చిన ఆజ్ఞ మాత్రం ఆజ్ఞలా కనిపించదు. అది లోకరీతిగా, కొన్నిసార్లు సొంత స్వభావంగా తోస్తుంది. కాదనే అవకాశం ఎదుటివాడికి ఇవ్వకుండా అతని నడవడిని మలచే పని ఎంతవరకు న్యాయం? అలా మలచినందుకు ఎవరు జవాబు చెప్పాలి?

2. తెలుగు పలుకుబడి చెప్పే సాక్ష్యం

ఎరుకకు రాని స్పందనను పట్టుకోవడం తేలిక కాదు. అడిగితే మనిషి చెప్పగలిగేది తనకు తెలిసినదే. అయితే తరతరాల వాడుకలో భాష ఇటువంటి స్పందనలను దాచి ఉంచుతుంది. ఇంటి భాగాల చుట్టూ అల్లుకొన్న తెలుగు పలుకుబడులను ఈ దృష్టితో పరిశీలించవచ్చు.

తగవు వచ్చినవాడు 'నీ గడప తొక్కను' అంటాడు. అతడు తెంచుకొంటున్నది కొయ్యదూలంతో సంబంధాన్ని కాదు, ఆ ఇంటి మనుషులతో సంబంధాన్ని. నిరాధారుడైనవాడు ఒకరి 'పంచన చేరుతాడు'. పంచ అంటే చూరు కింద చోటు. అక్కడికి ఎండావానా రావు గాని, అది నట్టిల్లూ కాదు. ఆశ్రయం దొరికినా సమానత్వం దొరకని స్థితిని ఆ ఒక్క మాట చెబుతుంది. పదవిని వదలనివాడు 'చూరు పట్టుకొని వేలాడతాడు'. అద్దె ఇంట్లో కాపురం సాగుతున్నా ఆస్తి పోయిన కుటుంబం 'వీధిన పడుతుంది'. ఈ మాటలు వాడేవారికి ఇంటి బొమ్మ కళ్ళముందు మెదలదు. అయినా ఇంటి లోపలికి, బయటికి, నడిమికి ఉన్న తేడా మానమర్యాదల కొలతగా మాటలో పనిచేస్తూనే ఉంటుంది.

'దొడ్డిదారి' అన్న మాట ఇంకా లోతైనది. రాజకీయాల్లో, ఉద్యోగాల్లో అక్రమంగా చొరబడటాన్ని దొడ్డిదారిన రావడం అంటారు. వీధి వాకిలి నిజాయితీకి, పెరటి వాకిలి మోసానికి గుర్తులయ్యాయి. కాని దొడ్డివైపు నుంచి వచ్చినవారు చారిత్రకంగా ఎవరు? పాలేళ్ళు, పనివాళ్ళు, పాకీ పని చేసినవారు, గొడ్డూ గోదా. ఆ దారిని వారు కోరుకోలేదు. వీధి వాకిట రానివ్వనందువల్లే అది వారి దారి అయింది. చివరకు ఆ దారి పేరే నిందావాచకమైంది. దీన్నిబట్టి ఇంటిని గురించిన పలుకుబడి ఇంటి యజమాని కంటితోనే లోకాన్ని చూసిందని అనుకోవలసి వస్తుంది. 'గడప దాటని ఇల్లాలు' అన్న మెచ్చుకోలు కూడా ఇటువంటిదే. ఒకే గడప మగవాడికి రాకపోకల చోటు, ఆడదానికి శీలపరీక్ష.

వీటన్నిటికన్నా విలువైన సాక్ష్యం 'తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం' అన్న సామెత. మేలు చేసినవారికి కీడు తలపెట్టే కృతఘ్నుని గురించిన సామెత ఇది. దీని పోలికను గమనించాలి. అతిథి విస్తరి వైపు చూడాలి, పెట్టిన చేతిని చూడాలి. తల ఎత్తి కప్పును చూస్తే, వాసాలు ఎన్నో, ఎలా నిలిచాయో లెక్కిస్తే అది ద్రోహానికి తొలి అడుగు. అంటే కట్టడం కనిపించకుండా ఉండటమే మర్యాద, దాన్ని ఎరుకతో పరిశీలించడం అమర్యాద. బెంజమిన్ పరధ్యానం అన్నదాన్ని తెలుగు సామెత ఒక నీతిగానే విధించింది. ఈ నీతి ఎవరికి మేలు చేస్తుందన్నది ముందుముందు తేలవలసిన సంగతి.

3. అరుగు: ఆదరణ, హద్దు

కృష్ణా డెల్టా పల్లెల్లో పాత పెంకుటిళ్ళకు వీధి వాకిలికి ఇరువైపులా అరుగులు ఉండేవి. అరుగు ఇంటిదే, అయినా వీధికి తెరిచి ఉంటుంది. దారిన పోయేవాడు తలుపు తట్టకుండానే అక్కడ కూర్చోవచ్చు. ఇంటివారు లోపలికి పిలవకుండానే అతనికి మంచినీళ్ళు ఇవ్వవచ్చు. ఇటు పిలుపూ అటు అనుమతీ లేకుండా పరిచయం పెరిగే చోటు అది.

అరుగు మీద కూర్చొంటే కలిగే నెమ్మదికి ఆధునిక శాస్త్రంలో ఒక వివరణ ఉంది. బ్రిటిష్ భూగోళ శాస్త్రవేత్త జే ఆపిల్టన్ 1975లో ఒక సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. తాను మరుగున ఉండి ఎదుటిదంతా చూడగలిగే చోటు మనిషికి సహజంగా హాయినిస్తుందన్నది దాని సారం. అరుగుకు వెనుక గోడ, పైన చూరు, ముందు వీధి. వీపుకు భయం ఉండదు, కంటికి అడ్డు ఉండదు. మండువా లోగిలి ఇదే సూత్రాన్ని ఇంటి లోపలికి తిప్పింది. నాలుగు వైపుల కప్పులు లోపలికి వాలి, నడుమ ఆకాశం తెరిచి ఉంటుంది. వాన నట్టింట్లోనే పడుతుంది. వసారాల్లో ఉన్నవారు తడవరు. వేసవిలో వేడిగాలి పైకి పోయే దారి అదే. ఆ ఇంట్లో పెరిగిన పిల్లలు ఋతువులను విడిగా నేర్చుకోనక్కరలేదు.

ఈ వర్ణన ఇంతటితో ఆగితే నిజం సగమే చెప్పినట్టు. వీధి మట్టానికి అరుగు మోకాలెత్తు పైన ఉంటుంది. ఆ ఎత్తు వాననీటి కోసం, పాముల భయం వల్ల ఏర్పడిందే కావచ్చు. అది చేసిన పని మాత్రం వేరు. కులాన్నిబట్టి కొందరు అరుగు మీద కూర్చొన్నారు, కొందరు అరుగుకు ఆనుకొని నిలబడ్డారు, కొందరు వీధిలో దూరంగా నిలబడి అరుగు మీదివారితో మాట్లాడారు. వీధిలో నిలబడ్డవాడు తల ఎత్తాలి, పైన కూర్చొన్నవాడు తల దించి చూడాలి. మాటలు మొదలు కాకముందే ఎవరు వేడుకొనేవారో, ఎవరు మన్నించేవారో మెడలు తేల్చేశాయి.

పాతకాలపు వీధిబడులు చాలాచోట్ల ఈ అరుగుల మీదే నడిచాయి. బ్రిటిష్ అధికారుల రాతల్లో అవి 'పయాల్ స్కూళ్ళు'గా కనిపిస్తాయి. అరుగు ఎక్కనివ్వని పిల్లవాడికి బడి కూడా అందలేదన్నమాట. ఆదరణకు, నిరాకరణకు రెండు వేర్వేరు కట్టడాలు అవసరం కాలేదు. ఒకే అరుగు రెండూ చేసింది.

1922లో వెలువడిన ఉన్నవ లక్ష్మీనారాయణ నవలకు 'మాలపల్లి' అన్న పేరే ఒక చోటు పేరు. ఊరికి అవతల ఒక వాడ ఉండటమే ఆ కథకు పునాది. ఆ తరువాత దశాబ్దంలో కృష్ణా జిల్లావాడైన విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు' గుడి, కోట కేంద్రాలుగా ఉన్న ఊరి జీవితం క్షీణించడాన్ని చిత్రించింది. రెండు నవలల్లోనూ కట్టడాలు కేవలం నేపథ్యం కావు. ఒకటి ఊరిని నడిబొడ్డు నుంచి చూస్తే, రెండవది వెలుపలి నుంచి చూస్తుంది. చూసే చోటు మారితే అదే గోపురం ఒకరికి నీడ, మరొకరికి ఎల్ల.

4. గుహ, స్తూపం, గుడి

విజయవాడకు ఎదురుగా, కృష్ణకు దక్షిణపు ఒడ్డున ఉండవల్లి గుహాలయం ఉంది. కొండను నాలుగు అంతస్తులుగా తొలిచారు. వాటిలో ఒక అంతస్తులో శయనించిన అనంతపద్మనాభుని భారీ విగ్రహం ఉంది. బయటి ఎండ నుంచి వచ్చిన కళ్ళకు ముందు చీకటే కనిపిస్తుంది. చూపు కుదురుకొన్న కొద్దీ రూపం తేలుతుంది. అడుగులు వాటంతట అవే నెమ్మదిస్తాయి, గొంతు తగ్గుతుంది. నిశ్శబ్దంగా ఉండమన్న పలక అక్కడ అక్కరలేదు.

ఎగువన అమరావతి స్తూపం మరో పాఠం చెప్పింది. స్తూపానికి లోపలి గది లేదు. భక్తుడు లోపలికి పోయేది లేదు, చుట్టూ తిరగవలసిందే. ఆ మహాస్తూపపు శిల్పఫలకాలు నేడు చెన్నై, లండన్ మ్యూజియంల గోడలకు చేరాయి. ప్రదక్షిణంలో నడుస్తున్న శరీరానికి పక్కన కనిపించవలసినవి ఇప్పుడు నిలుచున్న ప్రేక్షకుడికి ఎదురుగా కనిపిస్తాయి. శిల్పం అదే అయినా శరీరం చేసే పని మారింది, కనుక గ్రహణమూ మారింది. భక్తి కేవలం మనసులో పుట్టదని, నడిచే కాళ్ళలో కూడా పుడుతుందని ఈ పోలిక తెలియజేస్తుంది.

ఇటువంటి నెమ్మది, వినయం కట్టడం ఇచ్చే వరాలు. వాటిని అందుకోవాలంటే ముందు ప్రవేశం ఉండాలి. గుర్రం జాషువా 'గబ్బిలం' (1941) ఈ ప్రశ్ననే కావ్యానికి కేంద్రం చేసింది. అంటరానితనానికి గురైన వ్యక్తి తన వేదనను శివునికి విన్నవించమని గబ్బిలాన్ని దూతగా పంపుతాడు. మేఘాన్ని, హంసను దూతలుగా ఎంచుకొన్న కావ్య సంప్రదాయంలో గబ్బిలాన్ని ఎంచుకోవడానికి బలమైన కారణం గుడిలోకి దానికి ఉన్న ప్రవేశమే. గర్భగుడి చూరున వేలాడే జీవికి అడ్డం రాని గడప మనిషికి అడ్డం వచ్చింది. గుడి సౌందర్యాన్ని గురించి ఎంత రాసినా, ఆ సౌందర్యం ఎవరి శరీరాన్ని కొలతగా తీసుకొన్నది అన్న ప్రశ్నకు అది జవాబు కాదని జాషువా కావ్యం నిరూపించింది.

1947లో మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది. రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. చట్టం తలుపు తెరిచింది. అంతవరకు గుడి బయట ఆగడానికి అలవాటు పడ్డ కాళ్ళను ఒక్క చట్టం లోపలికి నడిపించలేదు. వాకిలి దగ్గర ఆ కాళ్ళు ఒక్క క్షణం వెనకాడితే, ఆ వెనకాటు భక్తివల్ల కాదు, భయంవల్ల. చూసేవారికి రెండూ ఒక్కలాగే కనిపించవచ్చు.

5. నేల టికెట్టు

తెలుగునాట కట్టడాల చరిత్రలో సినిమా హాలు కొత్త అధ్యాయం. ఆంధ్ర ప్రాంతంలో తొలి సినిమా హాలుగా 1921 నాటి విజయవాడ మారుతీ హాలును పేర్కొంటారు. గుడిలో, అరుగు మీద చోటును పుట్టుక నిర్ణయించింది. సినిమా హాల్లో టికెట్టు నిర్ణయించింది. నేల, బెంచీ, కుర్చీ అన్న తరగతులు అక్కడా ఉన్నాయి. 'నేల టికెట్టు' ఇప్పటికీ ఎగతాళి మాటే. అయినా డబ్బు చెల్లించినవాడిని లేచిపొమ్మనే హక్కు ఆ కట్టడం ఎవరికీ ఇవ్వలేదు. పైగా దీపాలు ఆరిపోతాయి. పక్కన కూర్చొన్నది ఎవరో తెలియని చీకటిలో అందరూ ఒకే వైపు చూస్తారు, ఒకేసారి నవ్వుతారు. డెల్టా సమాజానికి ఇది సామాన్యమైన మార్పు కాదు.

ఆ మార్పు ఎంతవరకు నిలిచిందో చుండూరు చెబుతుంది. తెనాలి సమీపంలోని ఆ ఊరిలో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులు హత్యకు గురయ్యారు. అంతకు కొన్ని వారాల ముందు సినిమా హాల్లో ఒక దళిత యువకుని కాలు ముందు వరుసలోని అగ్రకుల వ్యక్తికి తగలడం గొడవకు దారితీసింది. వరుసగా వేసిన కుర్చీల్లో ముందువారికి వెనుకవారి కాలు తగలడం నిత్యం జరిగేదే. ఆ కట్టడం తన నిర్మాణంలోనే ఆ తాకిడికి తావిచ్చింది, దానికి అర్థం లేకుండా చేసింది. అరుగు నేర్పిన సంస్కారం ఆ తాకిడికి పాత అర్థాన్నే అంటగట్టింది.

ఈ ఉదంతం కట్టడాల శక్తిని గురించిన అతిశయోక్తికి అడ్డుకట్ట వేస్తుంది. సమానమైన కుర్చీలు వేసినంత మాత్రాన సమానత్వం రాదు. అలాగని కుర్చీల పని వ్యర్థమూ కాదు. పక్కపక్కన కూర్చొనే హక్కు ఉన్నదని ఒక తరం యువకుల శరీరాలకు తెలిసింది అటువంటి చోట్లలోనే. ఆ తెలివిడిని సహించలేకపోవడంలోనే హింస పుట్టింది.

6. నేటి నగరం: కిటికీ, గేటు, కాలువ

అరుగు పోయింది గాని అది చేసిన పని పోలేదు. ప్రజలు అర్జీలతో వెళ్ళే కార్యాలయాల్లో సాధారణంగా కనిపించే చిన్న కిటికీని తీసుకోవచ్చు. గాజుకు లేదా చెక్కకు కింది భాగంలో జానెడు కంత. కాగితం పట్టేందుకు అది చాలు, మాట దూరాలంటే మనిషి నడుం వంచాలి. అవతలివారు కుర్చీలో ఉంటారు, ఇవతలివారు వంగి ఉంటారు. వంగినవాడు తన ప్రమేయం లేకుండానే 'అయ్యా' అంటాడు. కూర్చొన్నవాడు ప్రమేయం లేకుండానే విసుక్కొంటాడు. ఇద్దరిలో ఎవరినీ దుర్మార్గులనలేము. కంత ఒక్క మూర పైన ఉండి, ఇవతల ఒక బల్ల ఉంటే ఇద్దరి గొంతులూ మారేవి. అర్జీ హక్కు అన్నది చట్టంలో ఉంటుంది. అది బిచ్చమన్న భావం కిటికీలో ఉంటుంది.

విజయవాడ అపార్టుమెంట్లలో గడపకు బదులు గేటు వచ్చింది. కాపలాదారు కుర్చీ, రాకపోకల పుస్తకం, కొన్నిచోట్ల పనివారికి వేరే లిఫ్టు. 'దొడ్డిదారి' పేరు మార్చుకొని నిటారుగా నిలబడింది. వంటగది స్థితి కూడా గమనించదగినది. పాత ఇళ్ళలో అది వెనుక, వెలుతురు తక్కువచోట, పొగలో ఉండేది. ఆ గది స్త్రీ జీవితాన్ని ఎలా తన కొలతకు కుదించిందో విమల 'వంటిల్లు' కవిత గట్టిగా ప్రశ్నించింది. కొత్త ఇళ్ళలో వంటగది హాలులోకి తెరుచుకోవడం ఆ ప్రశ్నకు కొంత జవాబే. కాని వంట చేసేవారు మారకపోతే గోడ తీసినందువల్ల ఆమె పని అందరికీ కనిపిస్తుంది, అంతకుమించి తేలిక పడదు.

నీటితో నగరానికి ఉన్న సంబంధం మరో ఉదాహరణ. 1855 నాటికి కృష్ణపై ఆనకట్ట పూర్తయింది. ఆ వ్యవస్థలోని బందరు, ఏలూరు, రైవస్ కాలువలు నగరం నడుమ నుంచే సాగుతాయి. రేవు మెట్లున్నచోట నీళ్ళు ఇంటికి ముంగిలి. అక్కడికి దిగేవారు నీటికి ఎదురుగా దిగుతారు, చెప్పులు పైన వదులుతారు. ఇళ్ళు, దుకాణాలు కాలువకు వీపు తిప్పినచోట అదే నీరు దొడ్డి అయింది. దొడ్డిలో చెత్త వేయడానికి ఎవరికీ సంకోచం ఉండదు. కాలువలో చెత్త వేయవద్దన్న హెచ్చరిక పలకలు కంటికి చెబుతాయి. కాలువ వైపు ఉన్న వెనుకగోడ చేతికి చెబుతుంది. చెయ్యి గోడ మాటనే వింటుంది. పౌరుల నీతిహీనత అని తేల్చేముందు వాకిలి ఏ వైపు ఉన్నదో చూడటం న్యాయం.

కొత్త రాజధాని చర్చలో ఈ ప్రశ్న ఎదురుకావలసింది. అమరావతి ప్రభుత్వ భవనాల నమూనాకు 2016లో జపాన్‌కు చెందిన మాకి సంస్థ ఎంపికైంది. తరువాత ఆ పని బ్రిటన్‌కు చెందిన ఫోస్టర్ అండ్ పార్టనర్స్‌కు వెళ్ళింది. 2017లో సినిమా దర్శకుడు రాజమౌళి సలహాలు కూడా తీసుకొన్నారు. శాసనసభ ఎలా ఉండాలన్న చర్చ ఎక్కువగా దూరం నుంచి కనిపించే ఆకారం చుట్టూ సాగింది. ఆకారం ప్రధానమే. బాంబుదాడిలో దెబ్బతిన్న బ్రిటిష్ కామన్స్ సభను తిరిగి కట్టే విషయంలో 1943లో చర్చిల్ పట్టుబట్టింది వేరే అంశం మీద. సభ్యులు ఎదురెదురుగా కూర్చొనే పాత దీర్ఘచతురస్రాకారమే కావాలన్నాడు. కూర్చొనే తీరు వాదించే తీరును నిర్ణయిస్తుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకం సరైనదైతే సభ్యుడు కూర్చొనే తీరుతో పాటు, అర్జీ పట్టుకొని వచ్చిన డెల్టా కౌలురైతు నిలబడే తీరు కూడా ప్రజాస్వామ్య ప్రశ్నే.

7. రెండు ఆక్షేపణలు

ఈ వాదానికి రెండు ఆక్షేపణలు రావచ్చు. మొదటిది: కట్టడాల అదృశ్య ప్రభావాన్ని తెలుగువారు ఎప్పుడో గుర్తించారు, దాని పేరే వాస్తు. ఇందులో కొంత నిజం ఉంది. ఇంట్లోకి అడుగుపెట్టగానే కలిగే హాయి, ఇబ్బంది కల్పితాలు కావని, వాటికి కట్టుబడితో సంబంధం ఉందని వాస్తు ఒప్పుకొంటుంది. అయితే అది ఆ సంబంధాన్ని యజమాని శుభాశుభాలకు పరిమితం చేస్తుంది. ఈశాన్యం పెరిగితే ఇంటివాడికి లాభమా అని అడుగుతుంది. ఆ ఇంటి గేటు దగ్గర రోజంతా నిలబడేవాడికి నీడ ఉన్నదా అని అడగదు. ఎవరి సుఖం లెక్కలోకి వస్తుందన్న దగ్గర వాస్తు నీతిశాస్త్రం కాకుండా ఆగిపోతుంది.

రెండవ ఆక్షేపణ గట్టిది. ఉపచేతన స్పందనలు నేర్చుకొన్నవే అయితే, తప్పు నేర్పిన సమాజానిది, రాయీ సున్నానిది కాదు. అరుగు ఎత్తు అవమానం కావడానికి కులం కారణం, ఎత్తు కాదు. కనుక కట్టేవాడిని నిలదీయడంలో అర్థమేముంది?

దీనికి సమాధానం చెప్పాలంటే స్పందనలో రెండు పొరలను విడదీయాలి. ఒకటి దేహసామాన్యమైనది. వెలుతురు, గాలి, నీడ, వీపుకు రక్షణ మనుషులందరికీ కావాలి. 1984లో రోజర్ ఉల్రిచ్ 'సైన్స్' పత్రికలో ప్రకటించిన అధ్యయనం ఇందుకు నిదర్శనం. పిత్తాశయ శస్త్రచికిత్స జరిగిన రోగుల్లో కిటికీ నుంచి చెట్లు కనిపించినవారు ఇటుకగోడ కనిపించినవారికన్నా త్వరగా ఇంటికి వెళ్ళారు, బలమైన నొప్పిమందులు తక్కువ వాడారు. కిటికీ తమకు మేలు చేస్తున్నదని వారు తెలుసుకోనక్కరలేకపోయింది. ఈ పొర విషయంలో కట్టేవాడికి తప్పించుకొనే దారి లేదు. మే నెల బెజవాడ ఎండలో నీడలేని వరుసలో జనాన్ని నిలబెట్టే కట్టడానికి సంస్కృతి సాకు కాదు.

రెండవ పొర చరిత్ర నేర్పినది. ఇక్కడ రాయి ఒక్కటే దోషి కాదన్నది నిజం. కాని రాయి నిర్దోషి కూడా కాదు. సమాజం నేర్పిన పాఠాన్ని ప్రతిదినం, ప్రతి రాకలో, మాటలు లేకుండా వల్లె వేయించేది అదే. చట్టం మారినా, మాట మారినా మారకుండా మిగిలే ఉపాధ్యాయుడు కట్టడం. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తిన తరువాత తీరంలో తుఫాను రక్షణ భవనాలు వెలిశాయి. వాటిలో బడులుగా వాడుకలో ఉన్నవాటి సంగతి ఆలోచించదగినది. రోజూ పిల్లలు ఎక్కి దిగే మెట్లు ఊరి పాదాలకు పరిచయమవుతాయి. గాలివాన రాత్రి ఆలోచించే వ్యవధి ఉండదు. అలవాటైన మెట్టే ప్రాణం కాపాడుతుంది. అన్ని వాడలవారికీ ఆ మెట్లు ముందే అలవాటు కాకపోతే ఆ రాత్రి తలుపు తెరిచి ఉన్నా కొన్ని పాదాలు ఆగవచ్చు. కట్టేవాడు సమాజాన్ని ఒక్కరోజులో మార్చలేడు. ఏ అలవాటును మెట్టుగా నిలబెడుతున్నాడో తెలుసుకోగలడు. తెలుసుకోగలిగి తెలుసుకోకపోవడం నైతిక లోపమే.

8. ముగింపు

ఈ పరిశీలన మూడు విషయాలను స్థాపిస్తుంది. కట్టడానికి మనిషి స్పందన చాలావరకు ఎరుకకు రాకముందే జరుగుతుంది. ఆ స్పందన అందరిలో ఒకటి కాదు, గడపకు ఏ వైపు నిలబడ్డాడన్నదాన్ని బట్టి మారుతుంది. కాదనే వీలు ఎదుటివాడికి ఇవ్వదు గనుక మాటతో చేసిన ఆజ్ఞకన్నా గోడతో చేసిన ఆజ్ఞకు ఎక్కువ జవాబుదారీ అవసరం.

అందమైనదా, బలమైనదా, శుభకరమా అన్న ప్రశ్నలు కట్టడానికి ఎప్పుడూ ఉన్నవే. వాటికి తోడు మరొకటి చేరాలి: దీని ముందు అందరికన్నా బలహీనుడు నిలబడినప్పుడు అతని మెడ ఏ వైపు తిరుగుతుంది? దీనికి జవాబు నమూనా బొమ్మల్లో దొరకదు. ఆ గుమ్మం ముందు నిలబడబోయేవారిని ముందుగా అడగాలి. అడిగినా వారు పూర్తిగా చెప్పలేకపోవచ్చు, ఎందుకంటే అలవాటు వారి నోటికి కూడా అందదు. అప్పుడు వారు ఎక్కడ ఆగుతున్నారో, ఎప్పుడు గొంతు తగ్గిస్తున్నారో ఓపికగా గమనించవలసిన పని కట్టేవాడిది, కట్టించే ప్రభుత్వానిది.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదన్న సామెత అతిథికి చెప్పిన నీతి. ఒకరి దయమీద ఒక పూట భోజనం చేసినవాడికి అది తగినదే. శాసనసభకు, కార్యాలయానికి, బడికి, గుడికి వచ్చే పౌరుడు అతిథి కాడు. ఆ కప్పు అతనిది కూడా. తల ఎత్తి దాని వాసాలు లెక్కపెట్టడం అతనికి ద్రోహం కాదు, బాధ్యత.